కింగ్ ఎడమ చెవి

2 సెప్టెంబర్, మంగళవారం

నాలుగు నెలల తర్వాత ఈ పుస్తకం తీశాను. రాయకపోతే ఎవరి దగ్గరో ఒకరి దగ్గర వాగేస్తానని భయం.

ఓబన్నప్ప ఫోన్ చేశాడు. పులివెందుల దగ్గర చీనీ తోటలున్న పెద్దాయన. జూన్ చివర్లో మా దగ్గర జర్మన్ షెపర్డ్ పిల్లను తీసుకున్నాడు. కింగ్ అని పేరు పెట్టుకున్నాడు. మొన్న జమ్మలమడుగులో ఒక పెళ్ళికి పోతూ కారులో దాన్ని కూడా తీసుకుపోయాడట. అక్కడ ఎవరో చూసి, ఏందప్పా, ఒక చెవి లేసింది, ఎడమ చెవి లేయలేదు, నాటుకుక్క మాదిరుండాదే అన్నాడట. పదిమంది నవ్వారట.

చెవి లేయకపోతే సర్దుకుపోవచ్చు. పదిమంది నవ్వితే ఆ ఇంట్లో ఎవరూ సర్దుకోరు. రేపు రమ్మన్నాడు. మా ఆయన నబీ రసూల్‌తో, బిడ్డను గూడా పిల్చకరా నబీ అన్నాడట. బిడ్డ ఎందుకని ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. ఎందుకో ఇద్దరికీ తెలుసు.

3 సెప్టెంబర్

ఓబన్నప్ప గొంతు పెంచడు. మెల్లగా మాట్లాడతాడు. నాకు అదే భయం. కాగితాలు నాకొద్దు, ఈ పిల్ల నీ మగకుక్క బ్రూనోకే పుట్టిందని నీ బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు, సాలు అన్నాడు.

మా ఆయన పెట్టాడు. మహీన్‌కు ఆరేళ్ళు. ఇదేదో ఆట అనుకుని కిసుక్కున నవ్వింది. ఇది నా బ్రూనో బిడ్డే అప్పా, అబద్ధమైతే నా బిడ్డ నాకు దక్కకుండా పోనీ అన్నాడు మా ఆయన. తడుముకోలేదు. ఓబన్నప్ప లేచి ఆయన భుజం తట్టాడు. గురమ్మ, ఆయన భార్య, మాకు మజ్జిగ ఇచ్చింది.

మా ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

4 సెప్టెంబర్, మధ్యాహ్నం

రాసేస్తాను.

మార్చి నెల. మా ఆయన కుక్కల మేత కోసం బెంగళూరు పోయాడు. కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఒక సేటు కుక్కలను చూసుకుని, ఆ పనే నేర్చుకుని వచ్చి ఇక్కడ ప్రొద్దుటూరులో షెడ్డు పెట్టుకున్న మనిషి. కుక్కలున్న ఇంట్లోకి దేవదూతలు, ఫరిష్తాలు రారని మా అత్తమ్మ పీరాంబీ పోరు పెడితే షెడ్డును ఊరి బయట, దువ్వూరు రోడ్డులో వేశాడు. పోయే ముందు రెండు రోజులు ఆడకుక్క డైసీని బ్రూనోతో కలిపాడు. డైసీ ఇంకా ఎదలోనే ఉంది, గేటు జాగర్త అని నాకు పది సార్లు చెప్పాడు. పది సార్లూ సరే అన్నాను.

స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది, మహీన్ వాంతి చేసుకుందని. ఉరికాను. గేటు గొళ్ళెం పడిందో లేదో చూడలేదు. గంట తర్వాత తిరిగి వస్తే రోడ్డు మీద తిరిగే ఆ గోధుమరంగు కుక్క లోపల డైసీతో ముడిపడి ఉంది. బకెట్ నీళ్ళు పోశాను. కదల్లేదు. బురఖాలో నేను, అలా ఉన్న రెండు కుక్కలు, పక్కనే రోడ్డు మీద పోయే ఆటోలు. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి అది దానంతట అదే విడిపడి పారిపోయింది.

ఆయనకు చెప్పలేదు. చెబుదామనుకున్నాను, రేపు రేపు అనుకున్నాను. మేలో నాలుగు పిల్లలు పుట్టాయి. నాలుగూ ముద్దుగా ఉన్నాయి. ఇక చెప్పి ఏం చేయాలనుకున్నాను. బుద్ధి లేని ముండను.

ఇప్పుడు చెప్పడానికి కూడా లేదు. ప్రమాణం చేసిన మనిషిని దాని గురించి మళ్ళీ కదిలించకూడదు. అనుమానంతో అడిగితే ఆ ప్రమాణం బిడ్డకు తగులుకుంటుందని ఇక్కడ అందరి మాట. మా అత్తమ్మా అదే అంటుంది, గురమ్మా అదే అంటుంది. నేను బీఎస్సీ చదివాను. అయినా నాకు అడగడానికి ధైర్యం లేదు.

6 సెప్టెంబర్

అయిపోయింది. ఓబన్నప్ప మనవరాలు సుప్రియ వచ్చింది. బెంగళూరులో చదువుతోంది, కుక్కల జీన్స్ మీద ఏదో ప్రాజెక్ట్ అట. ప్రమాణాలు చేస్తే చెవులు లేస్తాయా తాతా అని ఆయన్నే ఎగతాళి చేసిందట. ఆన్‌లైన్‌లో డీఎన్ఏ కిట్లు తెప్పించింది. కింగ్ స్వాబ్ తీసేసింది. ఇప్పుడు బ్రూనోదీ, డైసీదీ కావాలంది. తల్లీ తండ్రీ ఎవరో కూడా తేలిపోతుంది అంకుల్ అంది, సంతోషంగా.

మా ఆయన నవ్వుతూ తీసుకో పాపా అన్నాడు. తానే బ్రూనో నోరు తెరిచాడు.

కుక్క ఏమీ తిని ఉండకూడదు అంది ఆ పిల్ల. అంతే, నా చేతిలో ఉన్న రొట్టె ముక్క బ్రూనో ముందర పడేశాను. శాంపిల్ పాడైతే రిజల్ట్ రాదు కదా. నా తెలివి అంతవరకే పోయింది. సుప్రియ, అయ్యో ఆంటీ అని, కుర్చీ లాక్కుని, గంట సేపు కూర్చుంది. నేనే టీ పెట్టి ఇచ్చాను. తర్వాత స్వాబ్ తీసుకుని పోయింది.

మూడు నాలుగు వారాల్లో రిజల్ట్.

12 సెప్టెంబర్

ఏమీ జరగలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో జరుగుతుందని భయపడి అలసిపోయాను.

15 సెప్టెంబర్

పోస్ట్‌మ్యాన్ వస్తే ఉలిక్కిపడ్డాను. రిజల్ట్ ఫోన్‌లో వస్తుందని తెలుసు. అయినా ఉలిక్కిపడ్డాను. ఏమైంది, దొంగకు తేలు కుట్టినట్టు ముడుచుకోని కూచుంటాండావు అని అత్తమ్మ అడిగింది. పన్ను నొప్పి అన్నాను. లవంగం ఇచ్చింది.

17 సెప్టెంబర్

మహీన్‌కు జ్వరం. 102.

18 సెప్టెంబర్, ఉదయం 11

డెంగీ అన్నారు. అడ్మిట్ చేశాం. ప్లేట్‌లెట్స్ అరవై రెండు వేలు. వార్డులో ఇంకా ఐదారుగురు పిల్లలున్నారు, అందరికీ ఇదే జ్వరం. ఊరంతా దోమలు. ఇది దోమ వల్ల వచ్చింది. దోమ వల్ల వచ్చింది. దోమ వల్ల.

19 సెప్టెంబర్

ముప్పై ఎనిమిది వేలు.

చేతి మీద ఎర్రటి చుక్కలు. నీళ్ళు తాగమంటే తల తిప్పేస్తోంది. దక్కకుండా పోనీ అన్న మాట చెవిలో నుంచి పోవడం లేదు. మా ఆయన మంచం పక్కన కూర్చుని దాని పాదాలు నిమురుతూనే ఉన్నాడు. తగ్గిపోతాదిలే ఫాయిజా, యాల ఏడుస్తావు అని నాకే ధైర్యం చెప్పాడు. ఆయన కళ్ళలో నా భయం లేదు. ఎలా ఉంటుంది, తెలియని మనిషికి? గేటు సంగతి నా నోటి దాకా వచ్చింది. పళ్ళు బిగించాను. ఇప్పుడు కదిలిస్తే, ఇదే ఆఖరి దెబ్బ అయితే?

ప్రమాణం చేయించుకున్నవాళ్ళు నోటితో విడిచిపెట్టాను అంటే బిడ్డకు అంటదట. పక్క మంచం దగ్గర ఉన్న దువ్వూరు ఆడమనిషి ఎవరితోనో ఏదో పొలం గొడవ చెబుతూ అంది. నాతో కాదు. కానీ విన్నాను.

20 సెప్టెంబర్, సాయంత్రం 4

పోయి వచ్చాను. దర్గాకు పోయి తాయెత్తు తెస్తానని ఇక్కడ చెప్పి, పులివెందుల బస్సెక్కాను.

గురమ్మ కాళ్ళ మీద పడ్డాను. అంతా చెప్పేశాను. గేటు, గోధుమరంగు కుక్క, బకెట్ నీళ్ళు, అన్నీ. మా ఆయనకు ఏమీ తెలియదమ్మా, తప్పు నాది, ఆయన ప్రమాణం విడిపించండి అన్నాను. ఆమె నన్ను లేపి, యాడవాకు పాపా, బిడ్డలు గలదాన్నే నేను గూడా అంది. లోపలికి పోయి ఓబన్నప్పను పిలుచుకువచ్చింది.

ఆయన అంతా విన్నాడు. కింగ్ ఆయన కుర్చీ కింద పడుకుని చెప్పు కొరుకుతోంది. అందరూ నవ్విందే నిజమన్నమాట అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, ప్రమాణం ఇడ్సిపెట్టినా, పో, పోయి బిడ్డను సూసుకో అన్నాడు. మెల్లగానే అన్నాడు.

బస్సులో ముద్దనూరు దాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్న ముసలామె నాకు అరటిపండు ఇచ్చింది.

21 సెప్టెంబర్

యాభై ఒక్క వేలు!

22 సెప్టెంబర్

ఎనభై నాలుగు. ఇడ్లీ అడిగింది. సగం తిని, చట్నీ కారంగా ఉందని పేచీ పెట్టింది. ఆ పేచీ వింటుంటే ప్రాణం లేచి వచ్చింది. అల్లా, నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

24 సెప్టెంబర్

ఇంటికి వచ్చేశాం. రిజల్ట్ వస్తే రానీ. మా ఆయన తిడతాడు, తిట్టనీ. పేరు పోతుంది, పోనీ. బిడ్డ ఉంది.

26 సెప్టెంబర్

వేంపల్లెలో బేకరీ ఉన్న షఫీ, మా ఆయన స్నేహితుడు, ఫోన్ చేశాడు. కింగ్‌ను నాలుగు రోజుల కింద ముద్దనూరు రోడ్డులో వదిలేసి రమ్మన్నాడట ఓబన్నప్ప. ఇంటి కుక్క, దానికి రోడ్డు తెలియదు. వచ్చే పోయే ప్రతి కారు వెంటా పడిందట, తన కారేమోనని. మరునాడు లారీ కింద పడింది.

మా ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ప్రమాణం చేసినా గదా, నా మాట మీద నమ్మకం లేదా ఆయప్పకు అని ఒకటే మాట. షెడ్డుకు పోయి సాయంత్రం దాకా రాలేదు.

నేను గిన్నెలు కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

1 అక్టోబర్, ఉదయం 10

సుప్రియ వాట్సాప్‌లో పంపింది. మా ఆయన వాళ్ళమ్మకు చదివి వినిపించాడు. నేను వంటింట్లో నుంచి విన్నాను.

జర్మన్ షెపర్డ్, నూటికి నూరు. తండ్రి బ్రూనో. తల్లి డైసీ.

మూడు సార్లు అడిగి ఫోన్ తీసుకుని నేనే చూశాను. బ్రూనో. దాని కింద ఆ పిల్ల రాసింది, కొన్నిటికి చెవి ఆలస్యంగా లేస్తుంది అంకుల్, పళ్ళు మారే వయసు అది, తాతకు నేను చెప్పుంటే బాగుండేది అని. వాయిస్ మెసేజ్ కూడా ఉంది. ఏడుస్తోంది.

ఆయన చేసింది నిజమైన ప్రమాణం. అబద్ధం చెప్పి వచ్చింది నేను.

సాయంత్రం 6

ఓబన్నప్ప ఫోన్. ఎల్లుండి రమ్మన్నాడు. బ్రూనోను కూడా తీసుకురమ్మన్నాడు.

3 అక్టోబర్, ఉదయం 8

ఆయన పోయాడు. బ్రూనో కారు ముందు సీట్లో కూర్చుంది, ఎప్పటిలాగే కిటికీలో నుంచి మూతి బయట పెట్టి. ఆగండి, ఒక మాట అన్నాను. ఏందన్నాడు. ఏం లేదు, అన్నం తిని పోండి అన్నాను. ఛీ నా నోరు.

మధ్యాహ్నం 1

ఫోన్ స్విచాఫ్. ఈ పాటికి ఆయనకు తెలిసి ఉంటుంది. వరండాలో కూర్చోబెట్టి ఓబన్నప్ప మెల్లగా చెప్పి ఉంటాడు, నీ పెండ్లాం వచ్చి నా భార్య కాళ్ళు పట్టుకునింది, నీకు తెల్దా అని. ఆ ఇంటి ముందు ఎప్పుడూ నలుగురు మనుషులు నిలబడి ఉంటారు. ఏం చేస్తారో. ఈయన ఏం చేస్తాడో. ఎవరికి ఎక్కువ భయపడాలో కూడా తెలియడం లేదు.

3 గంటలు

షఫీకి చేశాను. తెల్దు వదినా, నేను పోయి సూస్తా అన్నాడు.

5:20

వచ్చాడు. మా ఆయన ఒంటి మీద దెబ్బలేమీ లేవు. చేతిలో బ్రూనో గొలుసు ఒక్కటే ఉంది.

4 అక్టోబర్

నిన్న ఆయన తిట్టలేదు, కొట్టలేదు. ట్రంకు తెరిచి అడుగు నుంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. బెంగళూరు ల్యాబుది. జూన్ నెలది. నాలుగు పిల్లలకూ అమ్మకముందే టెస్ట్ చేయించాడు.

మూడు బ్రూనోవి. నాలుగోది కాదు. ఒకే కాన్పులో ఇద్దరు తండ్రులు ఉండవచ్చట కుక్కలకు. ఆ నాలుగోదాన్నే షఫీ బేకరీకి కాపలా అని ఊరికే ఇచ్చేశాడు.

గేటు సంగతి ఆయనకు ఆ రోజే తెలుసు. పక్క తోట కాపలా ముసలాయన ఫోన్ చేసి చెప్పాడట. వాళ్ళమ్మకు తెలిస్తే జీవితాంతం నన్ను దెప్పుతుందని గుట్టుగా ఉంచాడు. ఓబన్నప్ప కాగితం వద్దన్నాడు, ప్రమాణం అడిగాడు. ప్రమాణం అడిగిన పెద్దమనిషి ముందర కాగితం తీస్తే ఆయన్ను అవమానించినట్టు. పైగా ఆ కాగితంలో నాలుగోదాని సంగతి కూడా ఉంది. అందుకే తడుముకోకుండా చెయ్యి పెట్టాడు. నిజం కాబట్టి పెట్టాడు.

నిన్న అక్కడ, నా భార్య బిడ్డ జ్వరం సూసి మతి తప్పి ఏదో వాగిందప్పా అని చెప్పాడట. ఓబన్నప్ప, నీ పెండ్లాం మాటకు నా కుక్క పాయ, నీ కుక్కను ఈడ ఇడ్సిపో అన్నాడట. అంతే. బ్రూనో గేటు దాకా వెంట వచ్చిందట.

6 అక్టోబర్

ఈ రోజు ఒక్క మాట అన్నాడు. నన్ను అడిగింటే చెప్తాంటి గదా ఫాయిజా అని.

అడగకూడదు కదా అన్నాను.

అవును, అడగకూడదు అన్నాడు.

మహీన్ మా ఇద్దరి మధ్యలో కూర్చుని, జడ వేయమని తల ముందుకు పెట్టింది. ఇద్దరం ఆ తల వైపు చూశాం. ఇద్దరిలో ఎవరికీ చెయ్యి లేవలేదు. అత్తమ్మ వచ్చి దువ్వెన తీసుకుంది.