ముందే రాసిన చివరి లైను

జూన్ 9, సోమ
పొద్దుటి షిఫ్ట్. బొగ్గు యార్డు, బొగ్గు మోసే రెండో బెల్టు. రాగానే లాగ్‌బుక్ తీసి ఆఖరి లైను రాసేశాను — "ఆల్ అండర్ కంట్రోల్". అందరం అంతే. డ్యూటీ దిగేటప్పుడు రాస్తూ కూర్చుంటే గాజువాక బస్సు దొరకదు.

జూన్ 10
"బీపీ సూపించుకున్నారేటి?" — మా ఆవిడ సుజాత.
అండర్ కంట్రోల్ అన్నాను. ఆస్పత్రి గుమ్మం తొక్కి ఆర్నెల్లు. నోటికి అలవాటైపోయింది, ఏం చేస్తాం.

జూన్ 12
పదకొండింటికి బెల్టు పక్కన ఎమర్జెన్సీ తాడు తెగింది. అది లాగితేనే బెల్టు ఆగేది. మెకానిక్ ఫోనెత్తలేదు. బుక్కులో ఆ లైను కొట్టేసి రాద్దామనుకుంటూనే... రెండయింది. గేటు దగ్గర అప్పల్నాయుడు ఎదురొచ్చాడు, నా తర్వాతి షిఫ్ట్ వాడిదే. "ఏటి బావా, అంతా బాగేనా?" బస్సు కదులుతోంది. చెయ్యి ఊపి ఎక్కేశాను.

జూన్ 13
అప్పల్నాయుడి కుడిచెయ్యి. నిన్న నేను దిగాక, బెల్టు రోలర్ దగ్గర బొగ్గు తీస్తుంటే చొక్కా పట్టేసిందట. తాడు లాగాడట. మళ్ళీ లాగాడట.
రెండు వేళ్ళు పోయాయి.
చెప్పడం మర్చిపోయానని నాకు నేనే చెప్పుకున్నాను. మర్చిపోలేదు. బద్ధకించాను.

జూన్ 14
ఆస్పత్రి. మోచేతిదాకా కట్టు. "నానే ఓపాలి తాడు సూసుకోవాల్సింది బావా. బుక్కులో నువ్వు రాసేవు కదాని..." అన్నాడు. వాళ్ళావిడ టీ ఇచ్చింది. సిగ్గు లేకుండా తాగాను.

జూన్ 16
ఎంక్వైరీ. సూపర్‌వైజర్ పక్కకి పిలిచాడు. "నీ షిఫ్ట్‌లో తాడు బాగుందని రాసీ. బుక్కూ అదే సెప్తంది." అలా రాస్తే తప్పు అప్పల్నాయుడిదవుతుంది. పరిహారం కూడా రాదు. నిజం రాస్తే నా ఉద్యోగం పోతుంది. ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది.
సుజాతకి చెప్పాను. "నిజం రాసీండి" అంది. బియ్యం ఏరుతూ ఏరుతూ, కాసేపటికి తనే — "ఉజ్జోగం పోతే?"
నాకు భయంగా ఉంది. అలసటగా కూడా ఉంది.

జూన్ 17
పొద్దున్నే బీపీ చూపించుకున్నాను. నూట డెబ్బై. సుజాతకి ఉన్నదున్నట్టు చెప్పాను.
టిఫిన్ టైములో కాగితం రాసేశాను. తాడు పదకొండింటికి తెగింది, నాకు తెలుసు, చెప్పలేదు. సంతకం కూడా పెట్టాను.
లాగ్‌బుక్‌లో ఆఖరి లైను ఈసారి దిగబోయేటప్పుడే రాశాను, తాడు రెండుసార్లు లాగి చూసి. కొత్త తాడు. బెల్టు ఆగింది.
బస్సు పోయింది. సూపర్‌వైజర్ గది తలుపు తీసే ఉంది. కాగితం ఇంకా జేబులోనే ఉంది.