విప్పి చెప్పిన జవాబులు

సత్తెమ్మా,

నువ్వు పోయాక ఇది రెండో వానాకాలం. మేము బాగానే ఉన్నాం. దుకాణంలో రోజువారీ లెక్క రాయడం తప్ప నాకు ఇంకో రాత రాదని నీకు తెలుసు. అయినా ఇవాళ రాయాలి. కడుపు మండిపోతోంది... నీతో కాక ఎవరితో అనను?

మన బిడ్డ సరోజ బడి ఆఖరి పరీక్ష, హెచ్చెస్సీ, పాసైంది. ఉత్త పాసు కాదు. పాలమూరు ఆడపిల్లల బడిలో అందరికంటే ఎక్కువ మార్కులు. లెక్కల్లో దాని దరిదాపుల్లోకి వచ్చినవాళ్లు లేరు. బడి పెద్ద పంతులమ్మే మన దుకాణానికి నడిచి వచ్చింది. పట్నంలో ఒక పెద్ద కాలేజీ ఉంది, అందులో చదివితే డాక్టరు చదువుకు దారి దొరుకుతుంది, దరఖాస్తు పెట్టండి అని చెప్పింది. నువ్వుంటే ఆమె నోరు తీపి చేయకుండా పంపేదానివా? నాకు తోచలేదు. కుర్చీ తుడిచి, పక్కన నిలబడ్డాను.

ఆ కాలేజీకి బడి మార్కులు చాలవట. వాళ్లు మళ్లీ పరీక్ష పెడతారట. అదో కొత్త పద్ధతి. ప్రశ్న కింద నాలుగు జవాబులు అచ్చువేసి ఉంటాయి. సరైనదాని పక్కన గుర్తు పెట్టాలి, అంతే. మన బడుల్లో అలాంటి కాగితం ఎవరు చూశారు?

ఆ పరీక్షలో సరోజ ఏం చేసిందో తెలుసా? గుర్తు పెట్టి ఊరుకోలేదు. అదే ఎందుకు సరైనదో, మిగతా మూడూ ఎందుకు కావో, పక్కనున్న ఖాళీలో సన్నగా రాసుకుంటూ పోయింది. సగం కాకముందే గంట కొట్టారు.

ఆ అలవాటు నీదే కదా... పల్లికాయలు ఒలుస్తూ దానికి పొడుపు శాత్రాలు వేసేదానివి. తలుపు లేని ఇల్లు, లోపల ఇద్దరు అక్కచెల్లెండ్లు, ఏమిటది అని. అది టక్కున పల్లికాయ అనేది. నువ్వు ఒప్పుకునేదానివా?

"పల్లికాయని పక్కింటి కోడి గూడ చెప్తది. తలుపెందుకు లేదు? అక్కచెల్లెండ్లెవలు? ఇప్పి చెప్పు బిడ్డా. ఇప్పకుంటే ఓడినట్టే పో!"

విప్పి చెప్పనిది మన ఇంట్లో జవాబే కాదు. ఇప్పుడు అలా విప్పి చెప్పడమే నేరమైంది.

సీటు లేదని కాగితం వచ్చింది. కిందటి వారం సరోజను వెంటబెట్టుకుని పట్నం పోయాను. కాలేజీలో ఒక పెద్దమనిషి దాని బడి మార్కులు చూసి పెదవి విరిచాడు. మీ జిల్లాల్లో మార్కులు పప్పుబెల్లాల్లా పంచుతారు, అసలు తెలివి మా పరీక్షలోనే బయటపడుతుంది అన్నాడు. పిల్ల ఎదుటే అన్నాడు సత్తెమ్మా! లాంతరు మసి ముక్కులోకి పోతున్నా లేవకుండా చదివి తెచ్చుకున్న మార్కులు... పప్పుబెల్లాలా? వాళ్ల ఒక్క పూట కాగితం మాత్రం బంగారమా?

పక్కన అంత రాసింది కదా, చదివారా అని అడిగాను. అవును, నేనే అడిగాను. నువ్వు నమ్మవు. "మా ఇంటాయన నోట్లకెల్లి మాట రావాలంటే పెద్ద పండుగ రావాలె" అని వాడకట్టంతా నవ్వించేదానివి.

ఆ పెద్దమనిషి కూడా నవ్వాడు. అది చదివే కాగితం కాదట. గుర్తులు లెక్కపెట్టే కాగితమట. చదివే తీరిక ఎవరికి ఉందట!

లెక్కపెట్టడం నాకు తెలియదా? నా బతుకంతా అదే. కాని అంకె తేడా వస్తే, ఎందుకు వచ్చిందో చూడకుండా నేనెప్పుడైనా దుకాణం మూశానా?

తిరుగు బస్సులో సరోజ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. షాద్‌నగర్ దాటాక ఒకే మాట అడిగింది. తను రాసినవి తప్పులా అని. నేనేం చెప్పను? బడి గడప తొక్కనివాణ్ణి. పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. సీటు పోయినందుకు అది ఏడవలేదు. రాసింది తప్పో ఒప్పో చెప్పే దిక్కు లేనందుకు ఏడ్చింది.

ఈ ఏడు పాలమూరు కాలేజీలోనే చేర్పించి, వచ్చే ఏడు మళ్లీ పరీక్ష రాయించమంటోంది పెద్ద పంతులమ్మ. అలాగే చేస్తాను. దాని చదువు ఆగదు. కాని అది అడిగినదానికి జవాబు ఏది?

అందుకే ఎల్లుండి పొద్దున బస్సుకు మళ్లీ పట్నం పోతున్నాను. ఒక్కణ్ణే. సీటు అడగను. వాళ్ల దగ్గరున్న ఆ పరీక్ష కాగితం బయటికి తీసి, సరోజ రాసినదాంట్లో ఒక్క జవాబైనా చదివి, తప్పో ఒప్పో చెప్పమంటాను. వెళ్లగొడితే బయట అరుగు మీద కూర్చుంటాను. చదివేదాకా లేవను. మాట్లాడటం రాదు గాని, కూర్చోవడం నాకు బాగా వచ్చు.

నీ
మల్లయ్య