వాలిన త్రికోణం

హెడ్‌మాస్టరు ముద్దప్పగారికి,

నోటిమాటతో చెబితే మీరు వినలేదు గనక రాస్తున్నాను. పైథాగరస్ ప్రమేయం పదో తరగతి పిల్లలకు వచ్చేసిందని లక్ష్యాల పట్టీలో రాయమన్నారు. నేను రాయలేను.

నిన్న పాఠంలోని త్రికోణాన్నే బోర్డు మీద పక్కకు వాల్చి గీసి, కర్ణం ఏదని అడిగాను. ఎవరూ చూపలేదు. చివరికి గంగరత్న లేచింది.

"ఇది పడిపోయిండాది సార్. పరీక్షలో నిలబడిందే కదా ఇస్తారు?"

పిల్లలు బొమ్మను బట్టీ పట్టారు, అంతే. వారానికో పాఠం ముగించమంటే ఇంతకంటే ఏం వస్తుంది?

గంగరత్న మార్చి పరీక్ష తప్పితే వాళ్లమ్మ మళ్లీ ఫీజు కట్టదు, చిక్కబళ్ళాపురం ద్రాక్షతోటల్లో కూలికి పంపుతుంది. వృత్తాలు మొదలుపెట్టే ముందు నాకు ఇంకో పది రోజులు కావాలి. కుదరదంటే, పట్టీలో ఆ గడిలో "వచ్చింది" అని మీరే రాయండి. రేపు వాళ్లమ్మ వచ్చి అడిగితే నేనేం చెప్పాలో, అది కూడా కిందే రాయండి.

మీ గణితం మాస్టరు