ఏడో అంతస్తు ఇల్లు

వనపర్తి, ఆదివారం, శ్రావణం, 2006

మా శీనుకు సముద్రం ఒడ్డున పక్కా ఇల్లు వచ్చింది! బొంబాయిలో మా గుడిసెలు తీసేసి కట్టే బిల్డింగులో ఏడో అంతస్తట. ఫోనులో కోడలు ఒకటే నవ్వు: "మామా, కిటికీ తెరిస్తే సముద్రమేనట!"

అక్కడ మేస్త్రీ పని చేసే రోజుల్లోనే చెప్పాను. చేపలు ఎండబెట్టే చోట దొరసానులు కుక్కలను గొలుసు పట్టి తిప్పుతున్నారు, టీకొట్టు పోయి జిమ్ము వచ్చింది, ఇక ఈ నేల ధర ఆగదని.

ఆ ఊపులో, "చిన్నమ్మకు ఎన్నో అంతస్తురా?" అని అడిగాను. శీను గొంతు తగ్గింది.

"చిన్నమ్మ పేరు లేదు నాయినా. సర్వే నాడు గుడిసెకు తాళం ఉండె. ఎవ్వరు ఉంటలేరని రాసుకపోయిండ్రు."

ఆ సర్వే రోజు వాడి చిన్నమ్మ, అంటే చనిపోయిన మా తమ్ముడి భార్య బాలమణి, ఇక్కడి దవాఖానలో, నా భార్య మంచం పక్కన ఉంది. నేనే రమ్మన్నాను. మమ్మల్ని బొంబాయికి పిలిచి, తన గుడిసెకు అడ్డుగోడ కట్టి సగం ఇచ్చింది కూడా ఆమెనే. దేవుడా, ఈ సంతోషాన్ని నేనేం చేసుకోను...

పొద్దున్నే చెప్పాల్సినవాళ్లు: పెబ్బేరు అక్క, కల్వకుర్తి బామ్మర్ది, గద్వాల వియ్యంకులు, పక్క గదిలో నా భార్యకు మందు తాగిస్తున్న బాలమణి.