న్యూట్రల్‌లో దించను

పూనా

మా అన్నకు, నీ కోపం తెలిసి కూడా దూరం నుంచే నీ కాళ్లకు దండం పెట్టి తమ్ముడు వీరేశు రాస్తున్నాను.

ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ అమ్మ, నువ్వు, వదిన బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఎమ్మిగనూరులో వాన పడిందో లేదో రాయి. ఇక్కడ వాన ఆగితేగా! ఉతికిన చొక్కా ఆరక కంపు కొడుతోంది. తిండికి లోటు లేదు గానీ కూరల్లో కారమే ఉండదు. ఎవరైనా ఇటు వస్తుంటే అమ్మ చేతి చెనిక్కాయల కారం పంపించు. నేను బాగానే ఉన్నాను, దిగులు పడొద్దని అమ్మకు చెప్పు.

ఇక నీ కోపం సంగతి. మా టాక్సీల ఓనరు ఆదోని సేటు నీకు ట్రంకాల్ చేశాడని నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది. "పెద్దాయన కాళ్లు పట్టుకో, లేకుంటే ఇంటికి రావద్దు" అని రాశావు. నీ మాట మీదే ఆయన నాకు కారు ఇచ్చాడు, మరచిపోలేదు. కానీ కాళ్లు పట్టుకోను. ఎందుకో విని, తర్వాత తిట్టు.

మేము ఇక్కడి నుంచి బొంబాయికి టాక్సీలు నడుపుతాం. దారిలో ఘాటు, అంటే మలుపుల కొండదారి, దిగాలి. మా కుర్రవాళ్లంతా ఘాటు మొదట్లోనే ఇంజను ఆపి, గేరు తీసి, కారును న్యూట్రల్‌లో వదిలేస్తారు. పెట్రోలు మిగులుతుందని సేటుకు సంతోషం, గాలిలా పోతామని వీళ్లకు సంబరం. గేరు లేని కారుకు బ్రేకు ఒక్కటే దిక్కు. అది కాగిపోతే పట్టదు. నేను రెండో గేరులో నెమ్మదిగా దించుతాను. అందుకని నాకు "ముసలోడు" అని పేరు పెట్టారు. పెట్టుకోనీ.

నా గదిలో ఉండే మన మస్తానే ఎక్కువ ఎగతాళి చేసేవాడు. "ఏమ్రా, ఎద్దులబండి తోల్తాండావా? బెదురుంటే ఊర్లో మగ్గం కాడికి పో!" అనేవాడు. మూడు వారాల కింద వానలో వాడి బ్రేకు పట్టలేదు. కొండవైపు తిప్పి గుద్దాడు కాబట్టి ప్రాణాలు మిగిలాయి. వెనక సీట్లో ఉన్న పెద్దావిడకు చెయ్యి విరిగింది, వీడికి కాలు. ఆసుపత్రికి పోతే ఏమన్నాడో తెలుసా? "బ్రేకుదేం తప్పు ల్యాదప్పా. ఆ పొద్దు బండికి నిమ్మకాయ కట్టేది మర్సిపోయినా, అంతే." నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నిమ్మకాయ నేనూ కడతాను అన్నా, కానీ నిమ్మకాయ బ్రేకు వేయదు.

మరునాడు సేటు పిలిచి, "వాని ట్రిప్పులు గూడా నువ్వే కొట్టాల. అందరి మాదిరి న్యూట్రల్లో దింపు. పెట్రోలు మీ నాయన పోస్తాండాడా?" అన్నాడు. చనిపోయిన నాన్న మాట ఎత్తేసరికి నాకు ఒళ్లు మండింది. తాళాలు ఆయన ముందు పెట్టి, "గేరులోనే దింపుతా. ఇష్టముంటే తాళాలియ్యి" అన్నాను. "మీ అన్న ఏమంటాడో సూద్దాం" అని జేబులో వేసుకున్నాడు. నేను దారికొచ్చేదాకా కార్లు కడగమన్నాడు. కడుగుతున్నాను, నామోషీ ఏమీ లేదు.

దసరాకు అమ్మను పంపుతానన్నావు, బొంబాయి సముద్రం చూపించమన్నావు. అమ్మ నా వెనక సీట్లోనే కూర్చుంటుంది. ఘాటు దిగేటప్పుడు ఇంజను ఆపమంటావా? ఆపమని నీ చేత్తో రాసి పంపు. ఆ రోజే సేటు కాళ్లు పట్టుకుంటాను.

వదినకు, పెద్దమ్మకు నా దండాలు. మస్తాను సంగతి అమ్మకు చదివి వినిపించకు. నన్ను ఎంత తిట్టినా సరే, దీవించడం మాత్రం మానకు.

నీ మొండి తమ్ముడు,
వీరేశు