మైనానికి వదిలిన చోటు

అమ్మా, నేను క్షేమం. బడి తెరవడానికి ఇంకా పది రోజులున్నాయి.

కౌంటీ సంత పోటీలో మన పీచ్ జామ్‌కు రెండో బహుమతి వచ్చింది. నీ దగ్గర దాచిన మాటొకటి చెప్పాలి. గాలి చొరకుండా నీలాగా జామ్ మీద కరిగిన మైనం పోయలేదు. మైనం సీసాలను ఇక్కడ పోటీకి తీసుకోరు. రేకు మూత బిగించి మరిగే నీళ్లలో ఉంచాను. ఇక ఇది అమ్మ జామేనా అని వారం రోజులు నాలో నేనే వాదించుకున్నాను.

న్యాయనిర్ణేత ఆర్డిస్ గారు సీసాను వెలుతురుకు పట్టి చూసి పకపకా నవ్వారు. "రుచికి వంక పెట్టలేను గానీ, పైన ఇంత ఖాళీ ఎందుకొదిలావమ్మాయ్? మూతకి పావంగుళం చాలదూ? నువ్వు మైనానికి చోటుంచావు! మీ అమ్మ నేర్పిందా?"

"అవునండీ" అన్నాను. మొదటి బహుమతి అక్కడే పోయింది. నన్నడక్కుండానే నా చెయ్యి నీ కొలత పెట్టిందమ్మా. నా సందేహమూ దాంతోనే తీరింది.

నాన్న మోకాలు ఎలా ఉంది? నేలమాళిగలో చెమ్మ ఆరిందా? తమ్ముడు డ్వేన్ ఇటు వచ్చేటప్పుడు చిన్న సీసాలు ఆరు పంపు. నువ్వూ ఈసారి మూతలే వాడు, మైనం కింద బూజు పడుతోంది. కోపమొస్తే కార్డు నిండా తిట్టు, చదువుకుంటాను. రెండో బహుమతికిచ్చిన ఎర్ర రిబ్బన్ మాత్రం నీకే పంపుతున్నాను, వంటింట్లో తగిలించుకో. అందరికీ ముద్దులు.

నీ లొరెట్టా