క్లిప్పు దానంతటదే పడిందా?

ఒరేయ్ తమ్ముడూ,

అన్నం తిన్నాకే మాత్ర వేసుకో. తొడలోంచి చీము సంచీలోకి లాగే ట్యూబు నలగకుండా పడుకో.

నిన్నటిదాకా సంచీలోకి అంత చీము వచ్చి, ఇవాళ చుక్క కూడా లేదంటే నమ్మేస్తానా? నువ్వు నిద్రలో ఉండగా దుప్పటి ఎత్తి చూశాను. ట్యూబు క్లిప్పు నొక్కేసి ఉంది. దానంతటదే పడిందా? చీము తగ్గకపోతే కోసి తీయాల్సిందేనని డాక్టరమ్మ అన్నప్పుడే నీ మొహం చూశాను. లోపల నిలిస్తే కండంతా కుళ్ళిపోతుందిరా! క్లిప్పు తీసేశాను. మళ్ళీ ముట్టుకున్నావో, ఆ రెండో కాలు నేను విరగ్గొడతాను.

డాక్టరమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను.

అక్క

కోసేటప్పుడు నీ చెయ్యి పట్టుకుంటానని కూడా అడిగాను. మత్తులో ఉంటాడు, తెలియదులే అంది. నాకు తెలుస్తుంది కదరా.